రెండో గంట కొట్టాక

మొదటి గంట ఇంకా కొట్టలేదు.

ఫెబా పుస్తకంలోంచి తలెత్తి చెవి రిక్కించింది. ఎక్కడో కోడి కూసింది. ఎవరిదో గేదె అరిచింది. గంట మాత్రం వినపడలేదు. సరే, ఇంకా టైముంది అనుకుని మళ్ళీ పుస్తకంలోకి తల దించింది.

ఆ గదిలో టైము తెలియడానికి గంట తప్ప వేరే దారి లేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంటే గుండె కూడా దానితో పోటీ పడుతోందని కిందటి వానాకాలంలోనే బ్యాటరీ పీకేసింది. ఫోను స్విచాఫ్ చేసి అమ్మ ట్రంకుపెట్టెలో పడేసి, "పరీక్ష అయ్యాకే ఇవ్వు. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వొద్దు" అని చెప్పింది. ఇక మిగిలింది కిటికీ. ఈ ఏడు ధర లేదని తీసిన పత్తంతా ఇంట్లోనే పోశారు. గదిలో సగం పత్తే. అది ఎప్పుడో కిటికీని మింగేసింది. బయట తెల్లవారినా, మిట్టమధ్యాహ్నమైనా, ఆమెకు తెలిసింది ఒకటే ట్యూబులైటు.

అయినా ఫెబాకు బెంగ లేదు. గంట కొట్టేది సొంత తండ్రి. పాలెం చర్చికి దానయ్య పాతికేళ్ళుగా గంట కొడుతున్నాడు. ఆదివారం ఏడింటికి మొదటి గంట కొడితే ఊరు నీళ్ళు పోసుకుంటుంది. ఎనిమిదింటికి రెండో గంట కొడితే తలలు దువ్వుకుంటుంది. తొమ్మిదికి మూడో గంట, ఆరాధన మొదలు. సూర్యుడైనా ఒక పూట మబ్బు చాటున నక్కుతాడేమో గానీ దానయ్య గంట తప్పడని ఊళ్ళో పేరు.

అందుకే నెల కిందటే ఏర్పాటు చేసుకుంది. మొదటి గంటకు స్నానం. రెండో గంటకు తమ్ముడు ప్రభు ట్రాలీ ఆటో గుమ్మంలో ఉండాలి. గుంటూరు పొలిమేరలో కాలేజీ. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరని హాల్ టికెట్టు మీద లావు అక్షరాలతో ఉంది.

గ్రూప్స్ పరీక్ష. ఫెబాకు ఇది మూడోసారి. మొదటిసారి ఒక్క మార్కులో పోయింది. రెండోసారి వాయిదాల మీద వాయిదాలు పడి, ఆఖరికి రాసే వేళకు ఆమె చేతులు వణికాయి. ఈసారి పోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో పిలిచేవాళ్ళకే తెలియదు.

అందుకని అన్నీ వాయిదా వేసింది. చిన్ననాటి నేస్తం స్తుతి పెళ్ళికి వెళ్ళలేదు, పరీక్ష అయ్యాక ఇంటికెళ్ళి చూడొచ్చు. దవడ పన్ను పోటు, పరీక్ష అయ్యాక పీకించుకోవచ్చు. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేవడం, గుండె దడ, మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్మడం, అన్నీ పరీక్ష అయ్యాక చూపించుకోవచ్చు. చర్చికి కూడా పరీక్ష అయ్యాకే. దేవుడు ఎక్కడికీ పోడు కదా.

చీకటితోనే అమ్మా నాన్నా మిరపచేలోకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ తలుపు బయట నుంచి అమ్మ పుల్లమ్మ ఏదో చెప్పింది. ఫెబా "ఊ" అంది. ఈ ఏడాదంతా ఆ తలుపుకు బయట నుంచి ఎవరేం చెప్పినా లోపలి నుంచి వచ్చే జవాబు అదే.

తలుపు దబదబా చప్పుడైంది.

"అక్కా! పోదామా?"

ప్రభు గొంతు. ఫెబాకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్, నేనేం చెప్పా? రెండో గంట కొట్టాక రమ్మన్నానా లేదా?"

"అది కాదక్కా..."

"నన్ను చదువుకోనిస్తావా లేదా? ఒక్క చాప్టరుంది. పో!"

బయట ఆటో తాళంచెవి గలగలమంది. తర్వాత ప్రభు అన్నాడు, "నీ పరీక్ష నీకు తెలియాలి తల్లీ. నేను టెన్త్ తప్పినోణ్ణి. అట్టయితే కూలోళ్ళని ఒక ట్రిప్పు దించేసి వస్తా."

ఆటో డుగుడుగుమంటూ వెళ్ళిపోయింది. వీడికేం, అనుకుంది ఫెబా. ఇవాళ డీజిలుంటే చాలు వీడికి. చేతిలో నాలుగు రూపాయలుంటే ఆదివారం సాయంత్రం వాడరేవు పోయి సముద్రంలో దూకి చేపల పులుసు తిని వస్తాడు. రేపనేది ఒకటుందని వాడికి తెలియనే తెలియదు.

ఆ చాప్టరు అయిపోయింది. ఇంకొకటి కూడా అయిపోయింది. అప్పుడు కొట్టింది మొదటి గంట.

ఫెబా తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చింది. వాయుగుండమేదో ఉందట, ఆకాశమంతా బూడిద పూసినట్టు మబ్బు. పొద్దు ఎక్కడుందో తెలియలేదు. వీధిలో మనిషన్నవాడు లేడు. అందరూ స్నానాల హడావిడిలో ఉన్నారనుకుంది. తల మీద నాలుగు చెంబులు పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, జడేసుకుంది. అమ్మ పెట్టిన అన్నం గిన్నె మూత తీసి చూసి మళ్ళీ మూసేసింది. మెతుకు దిగదు. హాల్ టికెట్టూ రెండు పెన్నులూ దారి ఖర్చులకు డబ్బులూ పట్టుకుని గుమ్మంలో కూర్చుని రెండో గంట కోసం ఎదురుచూసింది.

వీధి మలుపులో పాత టీవీఎస్ బండి కనిపించింది. వెనక రెండు వైపులా ఇనప గంపలు, వాటిలో కోళ్ళు. ఆదివారం ఆదివారం కోళ్ళమ్మే సిలార్. ఆమెను చూసి బ్రేకేశాడు.

"ఏంది ఫెబమ్మా, పరీక్షన్నారు మీ అమ్మ. వచ్చే వారమా?"

"ఇవాళే బాబాయ్. రెండో గంట కొట్టగానే పోతా."

సిలార్ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"రెండో గంటా? అది తొమ్మిదిన్నరకి గదమ్మా ఇవాళ!"

"ఎనిమిదికి."

"ఎనిమిదెప్పుడో అయిపోయింది. వానొస్తదని ఊరు ఊరంతా తెల్లారగట్టే కోతకి పోయింది. కల్లంలో కాయలు కుప్ప చేసుకుని వచ్చాక ఆరాధన అని పాస్టరయ్యగారు గంటన్నర ఎనక్కి జరిపారు. పోయిన ఆదివారం చర్చిలో చెప్పార్లే. మీ గంటలు మారితే నా కోళ్ళకీ టైము మారుద్ది. నేను కూడా అందుకే ఇప్పుడు..."

"ఇప్పుడెంత?"

సిలార్ జేబులోంచి ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. తొమ్మిదికి పది నిమిషాలు.

ఒక్క క్షణం ఫెబాకు ఏమీ వినపడలేదు. ప్రభు తలుపు కొట్టింది సరైన టైముకే. తనే పొమ్మంది.

"మీ తమ్ముడేడీ? ఫోను కొట్టు."

"నా ఫోను పెట్టెలో ఉంది బాబాయ్."

"నేను కొడతా ఉండు." కొట్టాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆటో శబ్దంలో వాడికేం వినపడుతుంది? సిలార్ ఒకసారి గంపల వంక, ఒకసారి ఆమె వంక చూశాడు. "ఇయ్యాల్టి బేరం పోతే పోయింది గానీ... ఎక్కమ్మా. కోళ్ళున్నాయని చూడకు. చీర జాగ్రత్త."

బండి ఎగిరి దూకింది.

దారికిరువైపులా నల్లరేగడి. ఒక పక్క పత్తి కట్టెలు, ఒక పక్క ఎర్రటి మిరపచేలు, చేలనిండా వంగిన నడుములు. గతుకు వచ్చినప్పుడల్లా కోళ్ళు గోలపెడుతున్నాయి. సిలార్ కళ్ళు చిన్నవి చేసుకుని, పాత బండి ప్రాణం తోడేస్తున్నాడు. ఫెబా పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. ప్రార్థనో, రాజ్యాంగ సవరణలో, ఆమెకే తెలియదు.

"టైమెంత బాబాయ్?"

"అడగబాక. అడిగితే ఫోను తీయాలి, తీస్తే బండి ఆపాలి."

గుంటూరు ఇవతల నల్లపాడు దగ్గర ముందు బళ్ళు ఆగిపోయాయి. రైలు గేటు వేసి ఉంది. ముందు ఒక మిరపకాయల లారీ, దాని వెనక ట్రాక్టర్లు, వాటి మధ్య దూరి దూరి సిలార్ గేటు కమ్మీ దాకా తెచ్చాడు. దూరంగా గూడ్సు కూత.

"ఇదిప్పుడే తీయరమ్మా. గూడ్సంటే సంవత్సరం పొడుగుంటది. అవతల ఆటోలుంటాయి..." అంటూ ఆగాడు. ఏమని చెప్పాలో అతనికి తోచలేదు. దాటమంటే పాపం, దాటొద్దంటే పాపం.

ఫెబా అప్పటికే వంగింది. కమ్మీ కిందినుంచి దూరి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని పట్టాల మీదుగా పరుగెత్తింది. వెనక జనం కేకలు. "ఏయ్! ఏయమ్మాయ్! సస్తావా?" కాలి చెప్పు కంకరలో ఇరుక్కుంది. వదిలేసింది. రెండో కమ్మీ దాటి మట్టిలో పడేసరికి వెనకనుంచి గూడ్సు దడదడలాడుతూ వచ్చేసింది. ఇంజను గాలికి జడ మొహం మీద కొట్టుకుంది.

అవతల ఒకే ఒక ఆటో. డ్రైవరు తీరిగ్గా పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"అన్నా, కాలేజీ దగ్గరికి. తొందరగా!"

"ఇంకా ఇద్దరు ఎక్కాలమ్మా."

"వాళ్ళిద్దరి కిరాయి నేనే ఇస్తా. పోనీ!"

"అట్టా చెప్పు మరి."

ఆటో మలుపు తిరిగేసరికి కాలేజీ కనిపించింది. నల్లటి పెద్ద గేటు. రెండు రెక్కల మధ్య మనిషి పట్టేంత సందు ఇంకా ఉంది. ఫెబా చేతిలో డబ్బులు డ్రైవరు ఒళ్ళో పడేసి, ఆటో ఆగకముందే దూకింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది. చేయి చాచింది.

ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు.

ఆమె వేళ్ళు గేటుకు తగిలేసరికి అవతల గొలుసు పడింది.

"సార్! సార్, ఒక్క అడుగు సార్! చూశారుగా వస్తున్నా!"

కావలివాడు చూశాడు. వయసు మళ్ళినవాడు. అతని కళ్ళలో జాలి ఉంది, చేతిలో తాళం ఉంది. "చూశానమ్మా. కెమెరా కూడా చూస్తంది. నేను తీస్తే నాకు రేపు కూడులేదు."

ఆమె పక్కన ఇంకొక కుర్రాడు గేటు మీద తల ఆనించి బస్సుని, బస్సు కండక్టర్ని, అతని తాతముత్తాతల్ని తిడుతున్నాడు. లోపల ఎక్కడో ఒక గంట మోగింది.

ఫెబా ఏడుస్తుందనుకుంది. ఏడుపు రాలేదు. అక్కడే కాలువ గట్టు మీద కూలబడి, రావాల్సిన ఏడుపు కోసం కాసేపు ఎదురు చూసింది కూడా. బదులుగా వేరేదేదో జరిగింది. ఏడాదిగా లోపల ఊరి డప్పులా కొట్టుకుంటున్న గుండె మెల్లగా నెమ్మదించింది. ఆ నిశ్శబ్దానికి ఆమెకు భయమేసింది. తర్వాత కడుపులో ఏదో మెలిపెట్టింది. రోగమేమో అనుకుంది. కాసేపటికి గాని అది ఏమిటో గుర్తు రాలేదు.

ఆకలి.

ట్రాలీ ఆటో వచ్చి ఆగేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. ప్రభు చొక్కా నిండా మిరప ధూళి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సిలార్ ఫోను చివరికి అందినట్టుంది.

"అక్కా... లోపలికి..."

ఫెబా తల అడ్డంగా ఊపింది.

ప్రభు ఆటో రేకు మీద పిడికిలితో గుద్దాడు. "నేను వచ్చానుగా! తలుపు కొట్టానుగా! పొమ్మన్నావుగా!"

"గంట మార్చారని చెప్పొచ్చుగా!"

"చెప్పా!"

"ఎప్పుడు చెప్పావ్?"

"సోమవారం. నీ తలుపు బయట నిలబడి చెప్పా. ఆదివారం గంటలు మారతయ్యి, నీ టైము నువ్వు చూసుకో అని. నువ్వు ఊ అన్నావ్."

అని ఉంటుంది. తప్పకుండా అని ఉంటుంది.

"అమ్మ కూడా పొద్దున చెప్పింది. తమ్ముడొస్తాడు, ఎంటనే బయలెల్లు అని. దానికీ ఊ అన్నావంట."

"ఇంకా దేనికి ఊ అన్నాను?" ఆమె గొంతు నీరసంగా ఉంది.

ప్రభు ఆమె పక్కన కూర్చున్నాడు. కోపం దిగిపోయింది, అలసట మిగిలింది. "చానా వాటికి. స్తుతికి మగపిల్లాడు పుట్టాడు. దానికీ ఊ అన్నావ్. అమ్మకి జొరమొచ్చి మూడు రోజులు పడుకుంది. దానికీ ఊ."

"అమ్మకి జ్వరమొచ్చిందా?"

"తగ్గిపోయిందిలే."

ఎదురుగా బండి మీద పునుగులు వేగుతున్నాయి. ఫెబా వాటి వైపే చూస్తోందని ప్రభు గమనించాడు. లేచి వెళ్ళి రెండు పొట్లాలు తెచ్చాడు. ఆమె ఒక పొట్లం తిని రెండోది కూడా తీసుకుంది. దవడ పన్ను పోటు పెట్టింది. రెండో పక్క పెట్టుకుని నమిలింది.

"అక్కా, అది నాది."

"ఇప్పుడు నాది."

ప్రభు నవ్వబోయి ఆగాడు. "మీ అక్క బతికేది ఎప్పుడురా అని అమ్మ నన్నడుగుద్ది. నాకేం తెలుసు? నన్ను మాత్రం, నువ్వు బాగుపడేది ఎప్పుడురా అనుద్ది."

"ఏమంటావ్ మరి?"

"ఆటో స్టార్ట్ చేసుకుని పోతా." చేతులకంటిన నూనె ప్యాంటుకు రుద్దుకున్నాడు. "నాకు రేపంటే భయమే. ఆలోచిస్తే నిద్ర పట్టదు. అందుకే ఆ పక్కకి చూడను. నువ్వు నా వాటా కూడా చూస్తన్నావులే అనుకున్నా."

ఫెబా ఖాళీ పొట్లం ఉండ చుట్టి, "పోదాం పద. నాన్న మూడో గంట కొడతాడు" అంది.

తిరుగుదారిలో రైలు గేటు తీసే ఉంది. కంకరలో ఆమె చెప్పు అలాగే పడుంది. ప్రభు దిగి తెచ్చిచ్చాడు. గేటు దాటాక కల్లాలు మొదలయ్యాయి. ఎర్రటి కాయల్ని జనం గబగబా కుప్పలు చేసి టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు.

"మన మిరప ఎప్పుడు పండిందిరా?"

ప్రభు తల తిప్పి విచిత్రంగా చూశాడు. "రెండో కోత నడుస్తంది. మొదటి కోత కాయలు నీ గది గోడ పక్కనేగా ఎండబోశాం. ఆ ఘాటుకి తుమ్మలా?"

తుమ్మింది. జలుబు అనుకుంది.

చర్చి ముందు ఆటో ఆగేసరికి మూడో గంట మోగుతోంది. దానయ్య తాడు పట్టుకుని ఒళ్ళంతా వంచి లాగుతున్నాడు. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, తలపాగా ఇంకా తీయలేదు. ఆటోలోంచి దిగుతున్న కూతుర్ని చూశాడు. ఈ వేళకు ఆమె ఎక్కడుండాలో అతనికి తెలుసు. తాడు చేతిలోనే ఆగిపోయింది. గంట ఒకసారి ఊరికే ఊగి, సగం మోగి, ఊరుకుంది.

పాతికేళ్ళలో మూడో గంట తెగడం అదే మొదటిసారి. లోపలికి వెళ్తున్న జనం ఆగి చూశారు.

"నాన్నా, నేను గంట కోసం..." అంది ఫెబా. మిగతాది అనలేకపోయింది.

అనక్కర్లేకపోయింది. దానయ్య తాడు వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. "నేను కొట్టిన గంటేనా అమ్మా?" అన్నాడు.

"కాదు నాన్నా. చెప్పింది నేనే వినలేదు."

పుల్లమ్మ పరుగున వచ్చింది. మిరప కోసిన చేతులు మండుతున్నాయేమో, వేళ్ళు విడదీసి గాల్లో పెట్టుకుని ఉంది. కూతురి మొహం, కొడుకు మొహం, మొగుడి మొహం వరసగా చూసింది. సంగతి అర్థమైంది. ఒక్క క్షణం ఆమె కళ్ళు మూసుకుంది. ఆ ఒక్క క్షణంలో ఎన్ని కోతలు, ఎన్ని ఎండలు ఆమె కళ్ళ ముందు తిరిగాయో ఫెబాకు తెలుసు.

"తిన్నావా?" అని అడిగింది చివరికి.

"తిన్నానమ్మా. ప్రభు వాటా కూడా."

"లోపలికి రా మరి. ఈ చేతులతో నిన్ను తాకలేను, మండుద్ది. పక్కన కూర్చో."

ఆ ఆరాధన గురించి పాలెం చాలా రోజులు చెప్పుకుంది. ఊరంతా పొలం బట్టలతోనే వచ్చింది. తలుపులు దగ్గరకేసి ఫ్యాన్లు వేయగానే ఒంటి మీది మిరప ధూళి లేచింది. ముందు ఒకామె తుమ్మింది. తర్వాత బెంచీ బెంచీ తుమ్మింది. పాట ఒక చరణం సాగితే రెండు చరణాలు దగ్గుగా పోయాయి. ప్రార్థన మొదలుపెట్టిన పాస్టరుగారు "పరలోకమందున్న..." అని, కండువా అడ్డం పెట్టుకుని, మూడు తుమ్ములు తుమ్మారు. పిల్లలు కిసుక్కుమన్నారు. ఫెబాకు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఘాటుకేనేమో. ఎవరూ అడగలేదు, అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి.

పాస్టరుగారు వాక్యం చెప్తుండగా మధ్యలో ఆమె తల అమ్మ భుజం మీదకి ఒరిగింది. ఉలికిపాటు లేని నిద్ర. నోరు కొంచెం తెరుచుకుంది. బయట మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి. జనం కల్లాల్ని తలుచుకుని కదిలారు, గుసగుసలాడారు. ఆమె లేవలేదు.

చివర్లో పాస్టరుగారు ప్రకటనలు చదివారు. "వచ్చే ఆదివారం గంటల విషయం. కోత పూర్తికాలేదు కాబట్టి..."

ముందు బెంచీలోంచి ప్రభు వెనక్కి తిరిగాడు. "అమ్మా, అక్కని లేపు. గంటలు చెప్తన్నారు."

పుల్లమ్మ మండే చేతుల్ని ఒళ్ళో అలాగే పైకి పెట్టుకుని, భుజం కదలకుండా, శ్రద్ధగా ఆ టైములు విన్నది. పెదవులతో ఒకసారి చెప్పుకుంది.

"పడుకోనీరా. లేచాక నేను చెప్తా. తలుపు బయట నుంచి కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తా."